ఒకే జబ్బుకి రెండు చీటీలు

ఫిబ్రవరి 3

వదినా,

ఎలా ఉన్నారని అడగను. అడిగితే "అంతా బాగానే ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు. ఫోన్ చేద్దామంటే అన్నయ్య నీ పక్కనే నిలబడి "ఎవరికి చెప్తున్నావు నా గురించి?" అని నిలదీస్తున్నాడనీ, తర్వాత రోజంతా అలుగుతున్నాడనీ చెప్పావు కదా. సరే, ఉత్తరాలే రాసుకుందాం. నా చేతిరాత చూసి నవ్వకు. మందుల షాపులో పనిచేసీ చేసీ నాకూ డాక్టర్ల రాత అంటుకుంది.

మా అత్తగారికి కూడా అన్నయ్య జబ్బే అని తేలింది. అల్జీమర్స్. పొయ్యి మీద గిన్నె మాడ్చేస్తుంటే పెద్దతనం అనుకున్నాం. మొన్న మా ఆయన్ని "మీరు ఎవరి తాలూకండీ?" అని అడిగేసరికి ఆయన మొహం పాలిపోయింది. మా షాపు పక్కనే మతిమరుపు డాక్టరు ఉన్నాడుగా, అక్కడికే తీసుకెళ్ళాం. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నాడు. జీవితమంతా లెక్కల టీచరమ్మ, ఊరుకుంటుందా? గడగడా రెండు దాకా దిగి, "ఇంకా కిందికి పొమ్మంటారా, మైనస్‌లోకి?" అని అడిగింది. డాక్టరు నోరెళ్ళబెట్టాడు. తీరా "పొద్దున ఏం తిన్నారమ్మా?" అంటే మాత్రం నా మొహం చూసింది, పరీక్ష హాల్లో పక్కవాళ్ళ కాగితం చూసినట్టు.

జ్ఞాపకం నిలబడ్డానికి ఒక మాత్ర రాశాడు. జబ్బు తగ్గదుట, జారిపోయేది కాస్త నెమ్మదిగా జారుతుందిట. అన్నయ్యకీ అదే వాడుతున్నారా? జబ్బు ఒకటే కదా. అట్ట మీద పేరు చూసి రాయి, నేను చూస్తాను.

వచ్చే నెల సెలవు పెట్టి వద్దామని ఉంది. ఒక్కటే భయం వదినా. అమ్మానాన్నా పోయాక నన్ను తన తాళాల షాపు బల్ల కింద కూర్చోబెట్టుకుని పెంచినవాడు, నేను గుమ్మంలోకి రాగానే "ఎవరు కావాలండీ?" అంటే? ఆ మాట వినలేను. నన్ను మర్చిపోకముందే వచ్చి చూడాలి.

నీ ఆడపడుచు

&nbsp;

ఫిబ్రవరి 12

పిడుగూ,

మీ అన్నయ్య పెట్టిన పేరు ఊరికే పోలేదు. ఉత్తరం విప్పగానే నీ గొంతు ఇల్లంతా వినిపించింది. మీ అత్తగారి సంగతి చదివి చాలా బాధపడ్డాను, మైనస్‌లోకి అన్నచోట మాత్రం పడీ పడీ నవ్వాను. నవ్వానని ఆవిడకి చెప్పకు. చెప్పినా మర్చిపోతుందిలే. అయ్యో, ఏం మాటలు నావి! ఈ ఇంట్లో ఉండీ ఉండీ నాకు ఏడవాల్సిన చోట నవ్వొస్తోంది.

ఇక మీ అన్నయ్య కథ విను. పోయిన చలికాలంలో ఈయన బయటికి వెళ్ళిపోవడం ఎక్కువైందని డాక్టరమ్మకి చెప్పాను. "లోపల్నుంచి తాళం వేసుకోండి" అంది. బతుకంతా తాళాలు బాగుచేసినవాణ్ణి తాళం వేసి కూర్చోబెట్టమంటుంది! చేపని నీళ్ళలో ముంచి చంపమన్నట్టు లేదూ? అయినా డాక్టరు మాట కదా అని వేశాను. నేను వెనక్కి తిరిగి కుళాయి కట్టేసేలోపు నా జడపిన్నుతో విప్పేశారు. పెద్ద తాళం తెచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "నాసిరకం" అన్నారు, విప్పి నా చేతిలో పెట్టారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒకరోజు పై అంతస్తు వాళ్ళ తలుపు కూడా విప్పేసి, వాళ్ళ వంటింట్లో టీ కాచుకుని తాగుతూ కూర్చున్నారు. ఆ పెద్దమనిషి ఇంటికొచ్చి బిత్తరపోతే, ఈయన తాపీగా ఆయనకీ ఒక కప్పు పోసి, "మీ తాళం ఏం బాలేదండీ, మార్పించుకోండి" అని సలహా చెప్పారట. పై ఆయన మంచివాడు కాబట్టి తాగాడు. ఇంటి ఓనరు మాత్రం ఇంకోసారి ఇలా అయితే ఖాళీ చెయ్యాల్సిందే అన్నాడు.

ఇప్పుడా గొడవలేం లేవు. చాలా నిమ్మళంగా ఉన్నారు. డాక్టరమ్మ రాసిన తెల్ల మాత్ర వేస్తున్నాను. పేరు చూసి అక్షరం అక్షరం దించి అడుగున రాశాను. వచ్చే నెల మాత్రం రావద్దు తల్లీ, ఇంటికి సున్నం వేయిద్దామనుకుంటున్నాను. సామానంతా ఎత్తిపెట్టి ఉంటుంది, నీకు పడుకోడానికి కూడా చోటుండదు.

మీ వదిన

&nbsp;

ఫిబ్రవరి 21

వదినా,

నువ్వు రాసిన పేరుని కౌంటరు దగ్గరే అట్టతో సరిచూశాను. అది జ్ఞాపకానికి ఇచ్చే మాత్ర కాదు. మనిషిని నెమ్మదింపజేసే మాత్ర. మత్తు మాత్ర అనుకో. అన్నయ్యకి జ్ఞాపకం మాత్ర అసలు రాయనే లేదా?

నా ఒళ్ళు ఎందుకు మండుతోందో చెప్తాను. రోజూ ఇక్కడ నిలబడి మందుల చీటీలు చూస్తుంటాను కదా. అందరిదీ ఒకే జబ్బు, చీటీలు మాత్రం ఒకటి కావు. మా అత్తగారిలా చదువుకుని, పక్కన కొడుకూ కోడలూ నిలబడి ప్రశ్నలడిగేవాళ్ళయితే జ్ఞాపకం మాత్ర. కొందరికైతే ఒంటికి అంటించుకునే కొత్త మందు పట్టీ కూడా. ఒంటరిగా ఉండే ముసలమ్మలకీ, డాక్టరు భాష సరిగ్గా రానివాళ్ళకీ, కూలిపని చేసి వంగిపోయినవాళ్ళకీ ఎక్కువగా నిద్ర మాత్ర. అందరికీ అలా అనను, నేనేం లెక్కలు కట్టలేదు. కానీ రోజూ చూసే కళ్ళకి తెలుస్తుందిగా. ఇంకొకటి చెప్పనా, వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళని భార్యలు తీసుకొస్తారు. ఆడవాళ్ళని కూతుళ్ళు తీసుకొస్తారు. భర్త తీసుకురావడం ఎప్పుడో గానీ చూడను.

మీ డాక్టరమ్మ కూడా అన్నయ్య ఏం చదివాడని అడిగి ఉంటుంది. ఐదో క్లాసు అనగానే, ఈ తాళాలాయనకి జ్ఞాపకం ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనుకుని ఉంటుంది. నువ్వూ ఇచ్చింది పుచ్చుకుని వచ్చేశావు. అడగాలి కదా వదినా! నోరు కట్టేసుకుని కూర్చుంటే ఎవరు పట్టించుకుంటారు?

సున్నం సంగతి కూడా అర్థం కాలేదు. ఇంటికి సున్నం వేస్తే నేను అడ్డమా? బ్రష్షు ఇస్తే నేనూ రెండు గోడలు కొడతాను. రావద్దు అనడానికి ఇంకేదైనా కారణముంటే సూటిగా చెప్పు. అక్కడ మత్తులో వాడు నన్ను మర్చిపోతుంటే ఇక్కడ నేను చేతులు ముడుచుకుని కూర్చోలేను.

నీ ఆడపడుచు

&nbsp;

మార్చి 2

ఉత్తరం అందింది.

నువ్వు మందుల దగ్గర పనిచేస్తావు, నేను మనిషి దగ్గర పనిచేస్తాను. నీకు అట్ట మీద పేరు కనిపిస్తుంది. నాకు ఆయన కనిపిస్తారు. మీ అత్తగారికి జ్ఞాపకం, మా ఆయనకి మత్తు. ఎవరి ప్రాప్తం వాళ్ళది.

నోరు కట్టేసుకుని కూర్చోలేదు. ఆ సంగతి మాత్రం నువ్వు తెలుసుకోవాలి.

సున్నం పని ఇంకా కాలేదు.

వదిన

&nbsp;

మార్చి 10

వదినా,

నీ ఉత్తరంలో పిడుగూ అని లేదు. అది చూసే నువ్వెంత నొచ్చుకున్నావో అర్థమైంది. నిన్ను అనలేదే తల్లీ, ఆ డాక్టర్ని అన్నాను. నా నోటికి ముందూ వెనకా ఉండదని నీకు తెలియంది కాదు. రెండు మొట్టికాయలు వెయ్యి, ఇలా ముభావంగా మాత్రం ఉండకు.

మా ఇంట్లోనూ ఏమంత సుఖంగా లేదులే. మాత్ర వేస్తున్నా అత్తగారు సాయంత్రమయ్యేసరికి బడి గంట కొట్టారని సంచీ తీసుకుని బయల్దేరుతోంది. పొద్దున్నే మా ఆయన ఆవిడకి స్నానానికి అన్నీ సిద్ధం చేసి, దగ్గరుండి టిఫిన్ తినిపించి ఆఫీసుకి వెళ్తారు. మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చుంటారు, ఇద్దరూ పాత సంగతులు చెప్పుకుంటారు. సాయంత్రం నేను వచ్చి వీధి చివరిదాకా నడిపిస్తాను. బడి మూసేశారని చూసి ఆవిడే వెనక్కి తిరుగుతుంది. ముగ్గురం పంచుకుంటేనే రాత్రికి ఒళ్ళు హూనమైపోతోంది.

ఒక పని చేశాను, కోప్పడకు. నువ్వు అడగలేవేమోనని మీ డాక్టరమ్మకి నేనే సూటిగా ఉత్తరం రాశాను. చదువు లేదని, డబ్బు లేదని మా అన్నయ్యకి మత్తు మాత్ర పడేసి చేతులు దులుపుకున్నారా అని అడిగాను. మర్యాదగానే రాశాను. చివర్లో కాస్త ఘాటు తగిలింది.

పిడుగు

&nbsp;

మార్చి 19

పిడుగూ,

కాస్త ఘాటు అన్నావే, ఆ ఉత్తరం డాక్టరమ్మ నన్ను పిలిచి నా ముందు పెట్టింది. చదువుతుంటే నిలువునా నీరైపోయాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మీ ఆడపడుచుకి అసలు విషయం మీరు చెప్పలేదా?" అంది.

చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, విను.

ఆ తెల్ల మాత్ర ఆవిడంతట ఆవిడ రాసింది కాదు. నేనే అడిగాను. ఆ గదిలో కూర్చుని ఏడ్చి, "ఏదో ఒకటి ఇవ్వండి, ఈయన కాసేపు పడుకునేలా చెయ్యండి" అని చేతులు పట్టుకున్నాను. నువ్వు నోరు కట్టేసుకున్నావన్నావే, నోరు తెరిచి నేనడిగిందే అది.

స్నానానికి వెళ్తే తలుపు తీసుకుని వెళ్ళిపోతున్నారు. పొయ్యి దగ్గర తిరిగితే వెళ్ళిపోతున్నారు. నేను తలారా నీళ్ళు పోసుకుని ఎన్నాళ్ళయిందో. నిద్రలో కూడా చెవులు తలుపు దగ్గరే. ఒకసారి ఇక తట్టుకోలేక, ఒక పాత తువ్వాలుతో నా చేతికీ ఆయన చేతికీ కలిపి ముడేసి పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి ముడి విప్పి ఉంది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి నా తల కింద పెట్టి వెళ్ళారు. ఎక్కడికి పోతున్నారో తెలీదు, ఎందుకు పోతున్నారో తెలీదు, పెళ్ళాం తల కింద మెత్తగా ఉండాలని మాత్రం తెలుసు. అలాంటి మనిషికి నేను మత్తు పెట్టాను పిడుగూ. రోజూ మాత్ర చేతిలో పెట్టినప్పుడు "ఇది దేనికి?" అని అడుగుతారు. "ఒంటికి మంచిది" అంటాను. నమ్మి మింగుతారు.

జ్ఞాపకం మాత్ర ఎందుకివ్వలేదో కూడా ఆవిడ చెప్పింది. ఆయన గుండె మామూలుగానే నెమ్మదిగా కొట్టుకుంటుందట. ఆ మాత్ర దాన్ని ఇంకా నెమ్మదింపజేస్తుందట, కళ్ళు తిరిగి పడిపోతారట. చదువు సంగతి కాదు. ఆ ముక్క నాకు మొదట్లోనే చెప్పారు, నేనే నీకు రాయలేదు. నాకే సరిగ్గా అర్థం కాలేదు.

అయినా ఆవిడ ఇంకో మాట అంది. "మీ ఆడపడుచు రాసింది పూర్తిగా తప్పు కాదమ్మా. ఆయన ఎంత చదివారని అడిగాను, ఏ పని చేశారని అడిగాను, ఇంట్లో మీకు సాయం ఎవరున్నారని మాత్రం అడగలేదు. మీలాగే చాలామంది ఒంటరిగా వచ్చి ఏడుస్తారు, నేను రాసి ఇస్తాను" అంది. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. పొద్దున మీ ఆయన, మధ్యాహ్నం పిన్నిగారు, సాయంత్రం నువ్వు. మీ ఇంట్లో మనుషులున్నారు, మా ఇంట్లో మాత్ర ఉంది. తేడా అదే.

సున్నం లేదు, గిన్నం లేదు, ఫోన్ దగ్గర నిలదీయడమూ లేదు. ఆయన పగలంతా కుర్చీలో తల వేలాడేసి నిద్రపోతున్నారు. లేచినా చూపు నిలవదు. నోటి చివర తుడుస్తూ ఉండాలి. పెంచిన అన్నని నువ్వు ఆ అవతారంలో చూడకూడదనే రావద్దన్నాను. అంతే తప్ప నువ్వు నాకు బరువని కాదు.

మాత్ర మెల్లగా తగ్గించవచ్చట. కానీ తగ్గించేటప్పుడు ఇంట్లో ఇంకో మనిషి ఉండాలట. అందుకని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. రా. చూసి పోవడానికైతే వద్దు. ఉండడానికి రా.

మీ వదిన

&nbsp;

మార్చి 26

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలీక మూడు కాగితాలు చింపాను. ముక్కూ మొహం తెలియని డాక్టర్ని ఆడిపోసుకున్నాను గానీ, అక్కడ నువ్వు ఒక్కదానివే ఉన్నావన్న సంగతి నాకూ తట్టలేదు. ఆవిడ అడగలేదు సరే, నేనెప్పుడు అడిగాను? అన్ని ఉత్తరాల్లోనూ అన్నయ్య నన్ను మర్చిపోతాడేమో అన్నదే నా గోల. నువ్వు తిన్నావా, పడుకున్నావా అని ఒక్క ముక్క రాయలేదు. అన్నయ్య నన్ను మర్చిపోవడం సంగతి సరే, నేను నిన్ను శుభ్రంగా మర్చిపోయాను.

షాపులో నెల సెలవు అడిగాను, ఇచ్చారు. అత్తగారిని మా ఆయనా పిన్నిగారూ చూసుకుంటారు. "నేనొక్కణ్ణి సాయంత్రం కూడా ఎలా?" అని నసిగారు. "మీ అమ్మేగా, పరాయి మనిషా?" అన్నాను. వెళ్ళి అటక మీంచి నా పెట్టె దించారు.

ఆదివారం పొద్దునకల్లా వచ్చేస్తాను. వాడు నన్ను గుర్తుపట్టకపోతే ఏడుస్తాను, ఇప్పుడే చెప్తున్నాను. ఏడిస్తే ఏమీ అనకు. నువ్వు మాత్రం నేను రాగానే తలారా నీళ్ళు పోసుకుని పడుకో.

పిడుగు

&nbsp;

మే 2

వదినా,

క్షేమంగా చేరాను. అత్తగారు గుమ్మంలోనే "ఇన్నాళ్ళు బడి ఎగ్గొట్టావేం?" అని నిలబెట్టి అడిగింది. మా ఆయన చిక్కిపోయారు. "మీ ఆడవాళ్ళంతా రోజూ ఎలా చేస్తున్నారే ఇది?" అని అడిగారు. అడిగారులే, అదే పదివేలు.

అక్కడుండగా నీతో అనలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. నేను వచ్చిన పొద్దున అన్నయ్య మత్తులో కళ్ళు సగం తెరిచి, "షాపు మూసేశామండీ, రేపు రండి" అన్నాడే, అప్పుడు నీ స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నీకు వినిపించే ఉంటుంది. మాత్ర తగ్గాక గుర్తుపడతాడనుకున్నాను. తగ్గింది. తల ఎత్తాడు, నడిచాడు, తగువులాడాడు. రోజూ వీధి మలుపు దగ్గర కుడికి పోదామంటే ఎడమకంటాడు, ఇద్దరం నడిరోడ్డు మీద నిలబడి వాదులాడుకునేవాళ్ళం. పై అంతస్తు ఆయన బాల్కనీలోంచి చూసి నవ్వేవాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది. కానీ అన్ని రోజుల్లో ఒక్కసారి, ఒక్కసారైనా "చెల్లీ" అనలేదు వదినా. చిన్నప్పటి సంగతులెన్ని చెప్పానో. మర్యాదగా విన్నాడు, ఎవరిదో కథ విన్నట్టు. బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాను అన్నయ్యా" అంటే, "మంచిదండీ" అన్నాడు.

నువ్వు బాగా నిద్రపోయావు, మొహం తేటపడింది, ఆ సంతోషం మిగిలింది. నేను వచ్చేశాక పై ఆయన పొద్దున పూట నడకకి తీసుకెళ్తానన్నాడు కదా, వస్తున్నాడా? మాత్ర మళ్ళీ పెంచాల్సి రాలేదు కదా? దాచకుండా రాయి. నాది మాత్రం తీరని దిగులే. వాడి లోపల నేనింక లేను.

పిడుగు

&nbsp;

మే 11

పిడుగూ,

ముందు నీ దిగులు పక్కన పెట్టి ఇది చదువు.

మాత్ర పెంచలేదు. పై ఆయన రోజూ వస్తున్నాడు, మధ్యాహ్నం ఆయన భార్య వచ్చి నన్ను కాసేపు పడుకోమంటోంది. అడిగితే వచ్చే మనుషులు ఇంత దగ్గర్లో ఉన్నారని నాకు తెలీనే తెలీదు. ఎప్పుడైనా అడిగితేగా.

నువ్వు వెళ్ళిన మర్నాడు మీ అన్నయ్య పై ఆయనతో నడకకి రానన్నారు. చెప్పులు వేసుకుని కూర్చుని "ఆవిడ రాలేదేం?" అన్నారు. ఎవరూ అంటే, "అదే, గట్టిగా మాట్లాడుతుందే, నాతో పోట్లాడుతుందే, ఆవిడ." దగ్గర కూర్చుని, "ఆవిడ మీ చెల్లెలండీ" అన్నాను. చెప్పు పట్టీ సర్దుకున్నారు. "కాదు. మా చెల్లెలు చిన్నపిల్ల. ఈవిడ వేరే" అన్నారు.

మర్నాడూ అడిగారు. ఆ మర్నాడూ అడిగారు. నిన్న అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. ఏమైందంటే, "ఆవిడ తిందో లేదో" అన్నారు. తినే ఉంటుందిలెండి అన్నాను. తల అడ్డంగా ఊపి నాతో అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "ఆవిడకి అమ్మా నాన్నా లేరనుకుంటాను పాపం. ఉంటే అంతసేపు మనింట్లో ఎందుకుంటుంది? నువ్వేమీ అనుకోకపోతే, మన దగ్గరే ఉంచేసుకుందాం."

ఇప్పుడు చెప్పు, మళ్ళీ ఎప్పుడొస్తున్నావు?

మీ వదిన